పావుగంట ముందు

"అమ్మా, మీ కంప్యూటర్ గడియారం పావుగంట ముందు నడుస్తోంది."

కౌంటరుకు అవతల నిలబడ్డ పెద్దమనిషి తన చేతి గడియారం చూపించాడు. చొక్కా నలిగి ఉంది. జేబులో రెండు పెన్నులు.

రక్తనిధి గుమస్తా తలెత్తలేదు. ఆ పావుగంట ముందుకు తిప్పింది ఆవిడే. కంప్యూటర్లో ఐదవగానే ఇంటికి పోవచ్చు కదా. ఊళ్లోవాళ్ల సంగతులన్నీ ఈయనకే కావాలి కాబోలు!

హాజరు చూడ్డానికొచ్చారా, ఎవరు పంపారని దబాయించింది.

"కాదమ్మా, నా నంబరు..." అంటూ ఆయన ఓ చీటీ చేతిలో పెట్టాడు.

ఫిర్యాదేమోనని ఆవిడ చదవకుండానే చించి బుట్టలో వేసింది. కాపలావాణ్ణి పిలిచి ఆయన్ని బయటికి పంపించింది. పోతూ పోతూ కూడా గడియారం చూసుకున్నాడు, పిచ్చి మారాజు.

ఊళ్లో ఇలాంటి రక్తనిధులు నాలుగు. నాలుగు కంప్యూటర్లలోనూ ఒకటే జాబితా, రక్తదాతల పేర్లూ ఫోన్ నంబర్లూ. వాటిలో పెద్దాచిన్నా లేదు; ఎక్కడ ఏం రాసినా మిగతా మూడింటికీ పాకుతుంది. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే, ఆఖర్న రాసిందే నిలుస్తుంది. ఏది ఆఖరో తేల్చేది గడియారమే. ఆవిడ రోజూ లేచేముందు జాబితా మొత్తం ఒకసారి సేవ్ చేసి మరీ పోతుంది, జాగ్రత్త మనిషి కదా.

మూడో రోజు, నాలుగు కావస్తుండగా బావ ఫోన్ చేశాడు. అక్కకు కాన్పు కష్టమైంది. నెత్తురు ఆగడం లేదు. గంటలో రక్తం కావాలన్నారు. అక్కది వేలల్లో ఒకరికుండే గ్రూపు.

నాలుగు చోట్లా ఒక్క సంచీ లేదు. జాబితాలో ఆ గ్రూపు దాత ఒక్కడే, బస్టాండులో బస్సుల వేళలు రాసే ఉద్యోగి. నంబరు కొట్టింది. వాడుకలో లేదంది ఫోను. మళ్లీ కొట్టింది. పదిసార్లు కొట్టింది. అమ్మ పోయాక తనను సాకింది అక్కే.

రెండో రక్తనిధి ఆవిడకు చేసింది.

"ఆయన నంబరు మారిందిగా! నేనే మూడుసార్లు మార్చాను. డ్యూటీ దిగి, ఐదుకు పది నిమిషాలుందనగా వస్తాడు. తెల్లారేసరికి మళ్లీ పాతదే ఉంటోంది, ఏం మాయో."

గుమస్తా తెరమీది గడియారం చూసింది. ఐదుకు పది నిమిషాల ముందు వాళ్లు రాసినదాన్ని, అంతకు ముందే తాను సేవ్ చేసిన పాత జాబితా ఐదింటి ముద్రతో తుడిచేస్తోంది.

కొత్త నంబరు రెండో రక్తనిధి ఆవిడకూ గుర్తులేదు. బస్టాండుకు చేస్తే, ఇప్పుడే డ్యూటీ దిగి వెళ్లాడన్నారు. నంబరు వాళ్ల దగ్గరా లేదు.

ఫోన్ మోగింది. బావ.

"ఇంకెవర్నీ వెతకొద్దమ్మా. బిడ్డ మాత్రమే దక్కింది."

బావ ఫోన్ పెట్టేశాడు.

కంప్యూటర్లో ఐదూ ఐదైంది. ఆవిడ లేవలేదు. ఫోన్ మళ్లీ మోగింది, రెండో రక్తనిధి నుంచి.

"దొరికాడు! నంబరు మార్పించడానికి ఇప్పుడే వచ్చాడు, వినగానే ఆస్పత్రికి పరిగెత్తాడు. అన్నట్టు మీకు తెలిసినాయనేగా, మీ గడియారం సరిచేయమని మొన్న మీ దగ్గరికే వచ్చి, కొత్త నంబరు చీటీ మీ చేతికే ఇచ్చాడట."