నీలం పట్టీ

విమల పోయిన రోజు బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి మెల్లగా కదులుతున్నాయి. నవంబరు నెల, చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగు మొదలై వారమే అయింది. ఎడపల్లి నుంచి సైకిళ్ల మీద బడికి వచ్చే పిల్లలకు ఆ రోజుల్లో ఒక అలవాటు. ముందు కూర్చున్నవాళ్లు సైకిలును ట్రాక్టరు పక్కగా పోనివ్వాలి, వెనక కూర్చున్నవాళ్లు చేయి చాచి ఒక గడ లాగాలి. రేణుక తొక్కుతోంది. విమల క్యారియరు మీద ఉంది. గడ ఊడి రాలేదు. సైకిలు ఒరిగింది. రేణుక రోడ్డంచున పడింది, విమల ట్రాక్టరు చక్రం వైపు పడింది.

విమల జీవరాజు సారుకు ఒక్కతే కూతురు. ఆయన లెక్కలు చెప్పే బడిలోనే పదో తరగతి చదివేది. రేణుకదీ అదే తరగతి.

సమాధుల తోటలో మట్టి వేసి అందరూ కదులుతుంటే రేణుక ఆయన ముందుకు వచ్చింది. మోచేతికి కట్టు ఉంది.

"నేనే బండి దగ్గరికి తీసుకపోయిన సార్. అది వద్దనే అన్నది."

జీవరాజు ఆ పిల్ల తల మీద చేయి పెట్టాడు.

"నీ తప్పేం లేదు బిడ్డా. మంచిగ చదువుకో."

ఆ మాట విన్న ఆడవాళ్లు అప్పుడు ఏడ్చారు.

రేణుక వాళ్లింట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి. తల్లి భీమవ్వ బీడీలు చుడుతుంది. పాసైతే కాలేజీ, లేకుంటే బీడీల చాట అని తండ్రి ముందే తేల్చి చెప్పాడు. ఇంకో ఏడాది ఆగే ముచ్చటే లేదు.

పన్నెండు రోజుల తర్వాత జీవరాజు బడికి వచ్చాడు. పరీక్ష రాసే పిల్లల జాబితా పంపే గడువు దగ్గర పడింది. బడికి ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అందులో జాబితాలు చూసే ప్రోగ్రాం జీవరాజు రాసిందే. రెండేళ్లపాటు ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి నిజామాబాదు పోయి ఆ పని నేర్చుకున్నాడు. పేరు మీద మౌసు కుడి బటను నొక్కితే చిన్న మెనూ తెరుచుకుంటుంది. చేర్చు, మార్చు, తొలగించు. ఏది ఎంచుకుంటే అది జరిగిపోతుంది.

నలభై రెండు పేర్లు నలభై ఒకటి కావాలి. ఆ సంగతి ఎలా ఎత్తాలో హెడ్మాస్టరు రాజారాంకు తెలియలేదు. గుమాస్తా కొమురయ్యతో చేయిస్తానని నసిగాడు.

"నా బిడ్డ పేరు నేనే తీస్త సార్" అన్నాడు జీవరాజు.

అందరూ గది వదిలి వరండాలోకి నడిచారు. కాసేపటికి ప్రింటరు చప్పుడు వినిపించింది. రాజారాం కాగితాల మీద వరసలు లెక్కపెట్టాడు. నలభై ఒకటి. పేర్లు చదవడానికి ఆయనకు మనసొప్పలేదు. సంతకం పెట్టేశాడు.

మార్చిలో హాల్‌టికెట్లు వచ్చాయి. కొమురయ్య ఒక్కో పేరూ పిలిచి ఇస్తున్నాడు. విమల పేరు పిలిచాక గానీ తన నోట ఏం వచ్చిందో అతనికి తెలియలేదు. ఆ టికెట్టును కింద పెట్టి మిగిలినవి పంచాడు. కట్ట అయిపోయింది. రేణుక ఇంకా నిలబడే ఉంది.

"నాది అడుగున పడ్డదేమో, మల్లొకసారి సూడన్నా."

కొమురయ్య చూశాడు. ఖాళీ కవరును దులిపి కూడా చూశాడు.

హెడ్మాస్టరు గదిలో జీవరాజు తెల్లకాగితం తీసి పేర్ల వరసలు గీశాడు. తరగతిలో లెక్క విడమరిచినట్టే చెప్పాడు. ఎడమ బటనుతో నొక్కిన పేరు మీద నీలం పట్టీ పడుతుందన్నాడు. కుడి బటను నొక్కితే మెనూ బాణం ఉన్నచోటే తెరుచుకుంటుంది గానీ, పట్టీ మాత్రం పాత పేరు మీదే ఉండిపోతుంది. తొలగించు అంటే పట్టీ ఉన్న పేరే పోతుంది. కుడి బటనుతో పాటు పట్టీ కూడా కదలాలంటే ప్రోగ్రాంలో ఇంకో రెండు వరసలు రాయాలన్నాడు. ఆ రోజు పట్టీ రేణుక పేరు మీద ఉంది, తాను గమనించలేదన్నాడు.

"కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటే పట్టీ యాడున్నదో ఏం కనవడ్తది సార్" అని కొమురయ్య మెల్లగా అన్నాడు. రాజారాం ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దాన్ని పట్టుకుని నిజామాబాదులో విద్యాశాఖ ఆఫీసుకు పోయాడు. గడువు ఎప్పుడో దాటిందని, వచ్చే ఏడు రాయించమని చెప్పి పంపారు. పరీక్ష మొదటి రోజు ఒక బెంచీ మీద విమల నంబరు సుద్దముక్కతో రాసి ఉంది. ఆ బెంచీ పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఖాళీగానే ఉంది.

వేసవి సెలవులు ఇచ్చే ముందు భీమవ్వ బడికి వచ్చింది. కొట్లాటకు వచ్చిందనుకుని కొమురయ్య లేచి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె అతన్ని దాటిపోయి జీవరాజు కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల చాట పట్టిందని, చేయి అప్పుడే తిరిగిందని చెప్పింది.

"మీరు మనసుల వెట్టుకోకుండ్రి సారూ. కన్నబిడ్డ పేరు తుడవాలంటే ఎవ్వరికి చెయ్యి ఆడ్తది? మా రేణుక గూడ గదే అంటది."

జీవరాజు తల వంచుకున్నాడు. ఆమెకు మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు.

వచ్చే ఏటి జాబితాకు ముందే ఆ రెండు వరసలు రాసి పెట్టమని రాజారాం ఆయన్ని అడిగాడు. జీవరాజు సరేనన్నాడు. మళ్లీ నవంబరు వచ్చింది.

జీవరాజు ఆ ప్రోగ్రాంలో ఇప్పటికీ కొత్తగా ఒక్క వరస కూడా రాయలేదు. పట్టీ కదలడం లేదని విమల పట్టుకున్న సాయంత్రమే, ఆమె పోవడానికి నెల ముందే, ఆ రెండు వరసలూ రాసేశాడు.