పటంలో లేని ఊరు

“అబ్రెహెత్ అంటే ఏ ఊరు మామయ్యా? మీరు తప్ప ఇంకెవరూ ఆ పేరు విన్నట్టే లేదు,” అంది ఫిలొమేనా, పసిదాన్ని ఒళ్లో జోకొడుతూ. పిల్లకు ఆ పేరే పెట్టాలని ఆయన పట్టు; బాప్తిస్మం ఆదివారమే.

“ఆఫ్రికాలో. కొండమీద చిన్న పల్లె,” అన్నాడు దొనాతో చుట్ట వెలిగించుకుంటూ.

ఆ ఏడాదే ఇటలీ ఆఫ్రికాలో ఒక దేశాన్ని గెలిచి సామ్రాజ్యమైంది. రేడియోలో ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇటలీ దక్షిణాన లుకానియా కొండల్లోని వీళ్ల ఊరికి పూనకం పట్టింది. మందులషాపాయన కొడుకు తెంబియెన్ అయ్యాడు. రొట్టెలామె కూతురు అదిస్ అబెబా అయింది. జయించిన ఊరల్లా ఎవరో ఒకరింట్లో ఉయ్యాల ఊగుతోంది. తిండికి కరువు గాని పేర్లకు లోటు లేదు.

అయినా మామగారికి కూడా ఆ పిచ్చి పడుతుందని ఫిలొమేనా అనుకోలేదు. మొదటి ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెట్టడం అక్కడి ఆచారం. పైగా చనిపోయిన అత్తగారు ఇంకొరొనాతా అంటే ఆమెకు ప్రాణం.

“అత్తయ్య పేరు కాదని, ఊరూ వాడా తెలియని పల్లె పేరా? ఆవిడ ఏమనుకుంటుంది?”

“మీ అత్తయ్య మంచిది. ఏమీ అనుకోదు.”

“నేననుకుంటాను! రేపు బళ్లో పిల్లలు వెక్కిరిస్తే ఏడ్చేది నా కూతురు.”

ఆమె భర్త కానియో, తండ్రికీ పెళ్లానికీ మధ్య నలగడం ఇష్టంలేక, గాడిదకు గడ్డి వేసే నెపంతో బయటికి జారుకున్నాడు.

మర్నాడు పంచాయితీ ఫాదర్ గెరార్దో దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, గోడమీది ఆఫ్రికా పటమంతా వెతికాడు.

“ఇందులో లేదే దొనాతో!”

“పటం గీసినవాళ్లు అంత ఎత్తుకు ఎక్కలేదు ఫాదర్.”

“నువ్వెక్కావా?”

“సైన్యంలో ఉన్నప్పుడు. కుర్రతనం. మూడేళ్లున్నాను. తర్వాత పటాలం తిరిగొచ్చేయమంది, వచ్చేశాను.”

దొనాతో కిటికీలోంచి చూస్తూ చెప్పుకుపోయాడు. తెల్లారితే గుమ్మం దాకా వచ్చే మంచు, పెనం మీద వేగే కాఫీ గింజల వాసన, బార్లీ చేలో పిట్టల్ని తోలే ఆడవాళ్ల కేకలు. నలభై ఏళ్లయినా ఎక్కడైనా కాఫీ గింజలు వేగుతుంటే కాళ్లు ఆగిపోతాయన్నాడు. యుద్ధం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఫిలొమేనా వింటూ ఉండిపోయింది. కూరలో ఉప్పు తక్కువైనా నోరు తెరిచి అడిగే మనిషి కాదు ఆయన.

“అంత ఇష్టమా మామయ్యా?”

“నాకింకేమీ వద్దు తల్లీ. పొద్దున్నే ఆ పేరు పెట్టి గట్టిగా పిలవాలి. అది పరుగెత్తుకుంటూ రావాలి. అంతే.”

ఆమె మనసు కరిగిపోయింది. “సరే. రెండోదానికి మాత్రం అత్తయ్య పేరే. అప్పుడు మళ్లీ ఇంకో ఊరు తీసుకురాకండి!”

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పిల్ల నుదుటిమీద నీళ్లు పోసి ఫాదర్ ఆ పేరు పలికేసరికి, దొనాతో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ముసలి సిపాయి దేశభక్తికి జనం చప్పట్లు కొట్టారు. మేయరు కళ్లొత్తుకుని ఆయన్ని కావలించుకున్నాడు.

“ఆ పల్లె ఎక్కడుందో చెప్పు పెద్దాయనా! మన కుర్రాళ్లు వెళ్లి జెండా పాతి వస్తారు.”

“ఇప్పుడెక్కడుందో నాకేం తెలుసు బాబూ,” అన్నాడు దొనాతో.

అబ్రెహెత్ ఊరు కాదు, ఆయన అక్కడ వదిలేసి వచ్చిన కూతురు.