ఈ నెల ముఖచిత్రం

“ఈ అట్ట చూసి చెయ్యి చాచేదెవరు? ముందది చెప్పమ్మాయ్” అన్నాడు ఎడిటర్, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ.

“అరవై దాటిన మనిషి, సార్” అంది డిజైనర్.

“అయితే ఆ పసుపు తీసెయ్. అది కాలేజీ పిల్లల కోసం. నెలనెలా వాళ్ళకోసం వేసే వేషాలన్నీ ఇక్కడా వేస్తానంటే ఎలా?”

పసుపు తీసేసింది. ఆ సంగీత పత్రికకి ముఖచిత్రాలు చేయడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. దుకాణంలో వేలాడే వంద పత్రికల్లో తనదే ముందు కంటబడేలా చేయగలదు. కానీ ఈసారి అట్టమీదున్నది కన్నతల్లి. చేతులు ఆడటం లేదు.

అమ్మ ఒకప్పుడు రేడియోలో పాడేది. గొంతు ఆపరేషన్ అయ్యాక నోరు విప్పడం మానేసింది. ప్రయత్నిస్తే మాట వస్తుందనీ, ఇలాగే బిగుసుకుని కూర్చుంటే ఉన్న గొంతూ పోతుందనీ డాక్టర్ చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగేది. అట్టమీద తన బొమ్మ చూసుకుంటేనన్నా పలుకుతుందేమోనని కూతురి ఆశ. ఎడిటర్‌ని అడగడానికి చాలా తటపటాయించింది. తీరా అడిగితే ఆయన “ఊఁ, కానివ్వు” అనేసి, మర్నాటి నుంచి ప్రాణం తోడేస్తున్నాడు.

“అక్షరాలు పెద్దవి చెయ్. మెరిసే కాగితం వద్దు, కిటికీ పక్కన పట్టుకుంటే వెలుతురు తప్ప మొహం కనపడదు. ఈ ఫోటో ఏమిటి, ఇంత బుద్ధిగా?”

“అందంగా ఉందని సార్.”

“అందంగా ఉంటే చూసి పక్కన పెడతారు. అట్ట చూడగానే మనిషి ఊరుకోలేకపోవాలి. ఇదుగో, ఇది పెట్టు.”

మైకు ముందు రాగం తీస్తున్న ఫోటో అది. కళ్ళు మూసుకుపోయి, నోరు బార్లా తెరుచుకుని, మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. ఆ ఫోటో అంటే అమ్మకి ఒళ్ళుమంట.

“ఇది చూస్తే అమ్మ నన్ను చంపేస్తుంది సార్.”

“చంపనీ. ప్రెస్సుకి నేను ఫోన్ చేస్తాలే.”

శుక్రవారం సాయంత్రం పత్రిక తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూసింది. ముక్కుపుటాలు అదిరాయి.

“ఈ... ఫోటోనా?”

గొంతు తుప్పుపట్టిన గడియలా కిర్రుమంది. అయినా అది అమ్మ గొంతే.

“ఇంకోటి... దొరకలేదా నీకు? కొండనాలుక కూడా కనిపిస్తోంది!”

“ఎడిటర్ గారే ఎంచారమ్మా.”

“ఆయనకి బుద్ధి లేదు సరే, నీకేమైంది?” అమ్మ ఆయాసపడి, రెండు గుక్కలు నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది. “ఈపాటికి ఊరంతా చూసే ఉంటుంది. రేపు ఏ మొహం పెట్టుకుని... వీధిలోకి వెళ్ళను?”

కూతురికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “చూస్తే చూడనీ అమ్మా. నువ్వు తిట్టు, ఇంకా తిట్టు.”

ఆ అట్టతో అచ్చయింది ఆ ఒక్క కాపీయే.