ఏటా ఒక చెకప్

సెలీనాను భూస్థాపన చేసి వచ్చిన సాయంత్రమే, ఆఫీసు స్నేహితురాలు రేణుక ఆమె డెస్కులోని సామాన్లు మదీనాగూడ ఇంటికి తెచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లకే పేగు క్యాన్సర్.

సంచిలో మూడేళ్ల హెల్త్ చెకప్ రిపోర్టులున్నాయి.

“ఇవి నావేనమ్మా,” అంది తల్లి లీదియా. “తల్లులకి కంపెనీయే ఏటా ఉచితంగా చేయిస్తుందని చెప్పింది.”

“తల్లులకేం లేదాంటీ. ఉద్యోగం చేసేటోళ్లకే, ఏడాదికొకటి. తనది మీ పేరు మీద రాయించేది. పోయినేడు, నీకు రక్తం పడ్తున్నది, ఈసారన్న నువ్వు చూయించుకోవే అని తిట్టిన. ‘మొలలే తియ్యవే, అమ్మ తన చెకప్ సంగతి ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది’ అన్నది.”

లీదియా మూడు రిపోర్టులూ తిరగేసింది. అన్నీ నార్మల్.

“ఈ ఏడాది కూడా రాయించిందా?”

“లేదాంటీ. గప్పటికే దవాఖానల పడ్డది.”

ఈ ఏటి చెకప్ ఇంకా ఎవరూ చేయించుకోలేదు.