శ్రీరామ్మూర్తి ఈగ

"దొరికింది సార్!" హిమబిందు మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేచి చప్పట్లు కొట్టింది.

ప్రొఫెసర్ శ్రీరామ్మూర్తి పరుగున వచ్చారు. విశాఖలో ముప్పై ఏళ్లుగా ఈగల మీద పాఠాలు చెబుతున్నారు. ఒక్క ఈగకీ ఆయన పేరు లేదు. రిటైర్మెంటు నాలుగు నెలల్లోకి వచ్చేసింది.

అది అరకు క్యారెట్ తోటల్లో పట్టిన తుప్పు ఈగ. దీని పిల్లపురుగు దుంపను తొలిచి తుప్పురంగు చారలు మిగులుస్తుంది. ఇన్నాళ్లూ దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు దాని నల్లటి వీపు మీద పసుపుపచ్చ మచ్చ! ఏ పుస్తకంలోనూ లేని మచ్చ.

"కొత్త జాతి!" అని కేకేశారాయన.

అంతలో హిమబిందు భర్త అశోక్ ఫోన్. "ఏటి బిందూ, పెళ్లయి పదిరోజులు కాలేదు, ఈగల్తో కాపురం సేత్తన్నావేటి?"

"కొత్త జాతి కనిపెట్టాను బావా! సాయంత్రం రుషికొండలో ఐస్‌క్రీమ్ నీదే."

తోటి పరిశోధకుడు సాయిశంకర్ మొహం వేలాడేశాడు. "ఒకే తోటలో పట్టినాం కదా సార్, నా ఈగలకి లేదేటి?"

"చూసే కన్నుండాలయ్యా!"

"ఇలా తే, నాను సూత్తాను" అంది హిమబిందు. అరగంట వంగి చూసింది. నాలుగు ఈగలకి మచ్చ తేలింది. సాయిశంకర్ మర్నాడే కళ్లజోడు మార్చాడు.

మచ్చ కొన్నిటికి వీపున, కొన్నిటికి రెక్కన ఉంది. ప్రొఫెసర్ వెంటనే రెండు ఉపజాతులుగా విడగొట్టారు.

రెండో నెలలో వర్గీకరణ నిపుణుడు విజయరత్నం వచ్చారు. "వేసవిలో పట్టినవాటికి మచ్చ లేదేటండీ?"

"శ్రావణం వస్తేగానీ రాదండీ" అన్నారు శ్రీరామ్మూర్తి.

విజయరత్నం అది శ్రద్ధగా రాసుకున్నారు. ఈగకు శ్రీరామ్మూర్తి పేరు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఒకటే షరతు. రిటైరయ్యేలోగా మచ్చ ఉన్న ఈగలు మరో పది, తాజావి, పంపాలి.

"పదేటండీ, వంద పంపుతాం!" శ్రీరామ్మూర్తి ఆవేళే విజిటింగ్ కార్డు మీద ఈగ బొమ్మ వేయించారు.

తర్వాత తోటలన్నీ గాలించారు. వందలకొద్దీ ఈగల్ని పట్టారు. హిమబిందు ఒక్కొక్కదాన్నీ వంగి వంగి చూసింది. ఒక్కదానికీ మచ్చ లేదు. ఆయన పేరు లేకుండానే రిటైరయ్యారు.

పెళ్లయిన మూడో నెల రాగానే అత్తగారు మంచిరోజు చూసి, హిమబిందు మైక్రోస్కోపు మీదికి వంగినప్పుడల్లా ఈగలకు రాసుకునే పసుపుతాడు తీయించి, బంగారు గొలుసు వేయించింది మరి.