తడి తగలని చోటు

“రాయి యాడ పెట్టినవ్ పెద్దమ్మా?” మూడోసారి అడిగింది సుమిత్ర.

“పైలంగనే ఉంది. వాన తగ్గనీ, తీసిస్త,” అంది సుక్కి, అంబలి కుండ కిందికి కట్టె ఎగదోస్తూ.

మరైగూడ ఊరు దాటాక వాగు అవతల ఉన్న పెద్దమ్మ ఒంటి ఇంట్లో, రాయి కోసం వచ్చిన సుమిత్ర చిక్కుకుపోయి రెండు రోజులైంది. వాగు పొంగింది, ఫోన్ మూగబోయింది. కిందటి నెల ఆకాశం నుంచి పడ్డ రాయి కప్పుకు చేసిన చిల్లులోంచి నీళ్ళు ధార కడుతున్నాయి. మంచం, గంపలు, వడ్ల బస్తా అన్నీ తడిశాయి. పొడిగా ఉన్నది పొయ్యి మూల ఒక్కటే. ఇద్దరూ అక్కడే ముడుచుకుని కూర్చుంటున్నారు, అక్కడే పడుకుంటున్నారు. సుమిత్రకు ఊపిరాడటం లేదు.

రాయి పడ్డ రోజే ఆమె ఫోన్‌లో ఒకటికి పదిసార్లు చెప్పింది, కడగొద్దు, పగలగొట్టొద్దు, ముఖ్యంగా తడి తగలనియ్యొద్దు అని. అది చేతికి రాకపోతే నాలుగేళ్ళ పరిశోధన ఆగిపోతుంది. ల్యాబువాళ్ళు ఇక గడువివ్వరు. పెద్దమ్మ చూస్తే దాటవేస్తోంది. కుంట ఊరి వ్యాపారికి గానీ అమ్మేసిందా? సుక్కి కునుకు తీసినప్పుడు సిగ్గుపడుతూనే గంపలన్నీ వెతికింది సుమిత్ర.

“అంతగనం ఏముంది బిడ్డా ఆ రాయిల?”

“గాలి. సూర్యుడు పుట్టినప్పటి గాలి దాంట్ల ఇరుక్కొని ఉంది. జడవాయువులంటరు. దేంతోటీ కలవవు.”

“నీ లెక్కనే,” నవ్వింది సుక్కి. “మరి ఎట్ల తీస్తరు?”

“ల్యాబుల కాలుస్తం. కాలితేనే ఆ గాలి బయటికొస్తది. దాన్ని కొలిస్తే సూర్యుడు, భూమి ఎట్ల పుట్టినయో తెలుస్తది. ఒక్కసారే పెద్దమ్మా. బయటపడిందంటే మళ్ళ దొరకదు.”

సుక్కి నవ్వు ఆగిపోయింది. మండుతున్న కట్టెలను ఒక్కొక్కటే వెనక్కి లాగి బూడిదలో కుక్కింది.

“అదేంది, అంబలి ఉడకలే కదా?”

“ఉడికినంత చాలు. కట్టెలు అయిపోతున్నయి.”

ఆ పూట నుంచి సుక్కి పొయ్యి ముట్టించలేదు, మాటలూ తగ్గించింది. చల్లారిన అంబలే ఇద్దరూ తాగారు. సుమిత్రకు అనుమానం గట్టిపడింది. పెద్దమ్మ మొహం చూడటమే మానేసింది.

మూడో రోజు తెరిపిచ్చింది. వాగు తగ్గిందని అవతలి నుంచి కేకలు వినిపించాయి.

“అమ్మేసినవా పెద్దమ్మా? నిజం చెప్పు, ఏమీ అనను.”

సుక్కి కళ్ళు నిండాయి. “అమ్మలే బిడ్డా. నువ్వు చెప్పినట్టే చేసిన. ఒక్క చుక్క నీళ్ళు తగలనియ్యలే.”

ఆమె పొయ్యి మూడో రాయిని పెకలించింది.