పది నిమిషాలకు ఒక కాకి

"పది నిమిషాలకి మీ కాకిని ఇప్పించండి మేడమ్," అన్నాడు దేవేంద్ర, పిండం విస్తరి పట్టుకుని. తండ్రి వెంకటప్పయ్యకు పదోరోజు. తీరని కోరికేదో ఉంది, తీరుస్తానని మాటివ్వమన్నారు పంతులుగారు. చెల్లెలికి పొలం దాకా అన్ని మాటలూ ఇచ్చేశాడు. కృష్ణ ఒడ్డున ఒక్క కాకీ వాలలేదు.

పక్షుల ఆసుపత్రి రేణుక నవ్వింది. "కాకుల్ని అద్దెకివ్వమండీ."

బోనులో రెక్కకు కట్టుతో ఉన్న కాకి అతణ్ణి చూస్తూనే మూలకు నక్కింది.

"కొట్టిన వీరుడు గుర్తొచ్చాడేమో! కారు మీద రెట్ట వేసిందని ఎయిర్‌గన్‌తో కాల్చాడట. రోజూ దీనికి పెరుగన్నం పెట్టే వెంకటప్పయ్యగారే ఏడుస్తూ తెచ్చారు. నయమయ్యాక వాళ్ళ డాబా మీదే వదులుతానన్నారు. మళ్ళీ రానేలేదు."

దేవేంద్ర విస్తరి కింద పెట్టేశాడు.

"ఆ డాబా మాదేనండీ. ఎప్పటికి ఎగురుతుంది?"